విప్పే గది

జసింతకు వార్డులోకి వెళ్ళడమంటే భయం లేదు. బయటికి రావడమంటేనే విసుగు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది అది. పల్నాడులో ఎర్రమట్టి రోడ్డు పక్కన కన్యస్త్రీలు నడిపే చిన్న మిషన్ ఆసుపత్రి. మామూలు రోజుల్లో కాన్పులు, పాముకాట్లు, పురుగుమందు తాగినవాళ్ళు. ఆ శ్రావణం వచ్చేసరికి ఆడవాళ్ళ వార్డూ మగవాళ్ళ వార్డూ కలిపేసి మొత్తం ఆ జబ్బుకే ఇచ్చేశారు. పట్నంలో మంచం దొరకనివాళ్ళు ఆటోల్లో, ట్రాక్టర్లలో ఇక్కడికి వచ్చిపడేవాళ్ళు.

జసింత నర్సింగు చదివి మఠంలో చేరింది. సన్యాసినిగా బతుకుతానని దేవుడికి మొదటి మాటపట్టు ఇచ్చి ఇంకా ఏడాది కాలేదు. తల నుంచి కాలిదాకా కిట్టు తొడుక్కుని లోపలికి వెళ్ళిందంటే ఒళ్ళు తెలిసేది కాదు. ఊపిరందనివాళ్ళని బోర్లా పడుకోబెట్టేది. మింగలేనివాళ్ళకి చెంచాతో జావ పోసేది. ముఖం కనపడకపోయినా గొంతును బట్టి అందరూ ఆమెను గుర్తుపట్టేవాళ్ళు. "చిన్న సిస్టర్ ఎక్కడ? ఇవాళ రాలేదా?" అని అడిగేవాళ్ళు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

డ్యూటీ అయ్యాక మాత్రం విప్పే గదిలో నిలబడాలి.

వార్డు వెనక ఇదివరకు కట్లు కట్టే గది ఉండేది. దాన్నే ఇప్పుడు కిట్లు విప్పే గది చేశారు. వార్డులోంచి ఒక తలుపు, బయటికి ఒక తలుపు. మధ్యలో సింకు, మూతల డబ్బాలు, గోడకి ఒక కుర్చీ. ఏది ముందు తియ్యాలో ఏది తర్వాత తియ్యాలో వరస ఉంది. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా చేతులు కడగాలి. గౌను ముందు భాగం ఒంటికి తగలకుండా లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించాలి. వీపు మీది ముడులు విప్పడానికి వెనక ఇంకో మనిషి ఉండాలి.

ఆ మనిషి సిస్టర్ అగ్నేసమ్మ.

అగ్నేసమ్మ నర్సు కాదు. ఆసుపత్రి దుప్పట్లూ మఠం బట్టలూ చూసుకుంటూ బట్టల గదిలోనే ముసలిదైంది. అరవై దాటిన మనిషి, భారీ శరీరం. వయసు చూసి వార్డులోకి రానివ్వలేదు. "నన్నూ ఎక్కడో ఒకచోట నిలబెట్టు తెక్లా, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది" అని పోరి పోరి ఆ గదిలో చేరింది. మఠం పెద్ద మదర్ తెక్లాను పేరుపెట్టి పిలిచేది ఆమె ఒక్కతే. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే బస్సులో వచ్చి మఠంలో చేరినవాళ్ళు.

"పై గ్లౌజులు," అనేది అగ్నేసమ్మ వెనక నుంచి. "ఆ... చేతులు. ఇప్పుడు కదలకు, ముడి తీస్తున్నా. తొందరేంటే తల్లీ, కోడికూతకి ఇంకా చాలా టైముందిలే."

పట్టపగలు కోడికూతేంటని జసింత నవ్వేది. కానీ లోపల విసుగ్గానే ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక మదర్ తెక్లాను అడిగింది. మదర్ అప్పుడు వరండాలో ఆక్సిజన్ సిలిండర్లు దింపిస్తున్నారు. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల నర్సులందరికీ పని నేర్పిన మనిషి. మాట తక్కువ.

"మదర్, లోపల మనుషులు ఊపిరాడక కొట్టుకుంటున్నారు. నేను బయట నిలబడి గ్లౌజు తియ్యి, చేతులు కడుగు, ఇంకో గ్లౌజు తియ్యి, మళ్ళీ కడుగు. ఆ టైములో ఇంకో ఇద్దరిని చూడొచ్చు. ఇదంతా మన ప్రాణం మీద మనకున్న తీపి కాదా? మాటపట్టు ఇచ్చిన రోజునే ప్రాణం మనది కాదనుకున్నాం కదా."

మదర్ ఆమె ముఖంలోకి చూశారు. సిలిండరు దొర్లిస్తున్న మనిషికి "మెల్లిగా" అని చెప్పి, మళ్ళీ జసింత వైపు తిరిగారు.

"రేపు వార్డులోకి వెళ్ళేముందు విప్పే గదికి రా. కొత్త కిట్టు తొడుక్కుని రా."

మర్నాడు జసింత వెళ్ళేసరికి మదర్ చేతిలో ఒక గిన్నె ఉంది. అందులో బట్టలకి పెట్టే నీలిమందు చిక్కగా కలిపి ఉంది. మదర్ దూది ముంచి జసింత గౌను ముందుభాగమంతా అద్దారు. రెండు అరచేతుల గ్లౌజులకీ రాశారు.

"ఇది లోపల నీకంటిన జబ్బు అనుకో. రోజూ ఎలా విప్పుతావో అలాగే విప్పు. నేను చూడను."

నిజంగానే కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

జసింత చకచకా విప్పింది. అగ్నేసమ్మ ముడులు తీసింది. గౌను డబ్బాలో పడింది, గ్లౌజులు పడ్డాయి, కళ్ళద్దాలు, టోపీ.

"అయింది మదర్."

గదిలో ముఖం చూసుకునే అద్దం లేదు. మదర్ స్టీలు ట్రే ఒకటి తీసి జసింత ముఖం ముందు పట్టుకున్నారు. గడ్డం కింద వేలెడు పొడుగున నీలం. చెవి పక్కన, మాస్కు తాడు తీసిన చోట నీలం. మెడ దగ్గర, లోపల వేసుకున్న పాత ఆకుపచ్చ చొక్కా అంచు మీద నీలం. జసింత సిగ్గుపడి తల దించుకుంది.

"నాకూ పెట్టావే తల్లీ," అంది అగ్నేసమ్మ నవ్వుతూ. చెయ్యి చాచి చూపించింది. గ్లౌజుకీ చొక్కాచేతికీ మధ్య, మణికట్టు చుట్టూ, గాజు వేసినట్టు నీలం.

మదర్ నవ్వలేదు.

"అది తుడువు," అన్నారు జసింతతో. గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు.

జసింత స్పిరిట్ దూదితో అగ్నేసమ్మ మణికట్టు తుడిచింది. ముసలి చర్మం, ముడతల్లోకి పోయిన నీలం ఒక పట్టాన వదల్లేదు.

ఆ తర్వాత చాలా రోజులు జసింత ఒళ్ళు దగ్గరపెట్టుకుని విప్పింది. అగ్నేసమ్మ ఆగమంటే ఆగింది. చెప్పకుండానే చేతులు కడిగింది.

తర్వాత ఆటో వచ్చిన రోజు వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. పొద్దుటి నుంచి ఇద్దరు పోయారు. జసింత డ్యూటీ దిగి విప్పే గదిలో నిలబడింది. లోపల చెమటతో ఒళ్ళంతా నానిపోయి ఉంది. పై గ్లౌజులు తీసింది. అంతలో గేటు దగ్గర ఆటో హారను ఆగకుండా మోగింది. కిటికీ ఊచల్లోంచి చూసింది. ఆటోలోంచి ఒక మనిషి పక్కకి ఒరిగి, అలాగే జారి మట్టిలో పడిపోయాడు. ఆయన భార్య కాబోలు, తల బాదుకుంటూ అరుస్తోంది. ఆటో మనిషి దూరంగా జరిగిపోయాడు. వాచ్‌మన్ దగ్గరికి పోవడానికి భయపడి గేటు పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు లోపల ఇంకొకరి గొంతులో గొట్టం వేస్తున్నారు.

"తొందరగా విప్పు అగ్నేసమ్మా."

"ఆగు తల్లీ. చెమటకి ముడి బిగుసుకుపోయింది. కత్తెర తెస్తా."

"అంతలో చచ్చిపోతాడు!"

"ఒక్క నిమిషమే..."

అగ్నేసమ్మ వంగి ముడి మీద గోళ్ళు పెట్టి లాగుతోంది. జసింత రెండు చేతులతో గౌను ముందుభాగం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తాళ్ళు పుటుక్కున తెగాయి. తల మీంచి లాగి వెనక్కి విసిరేసింది. పొద్దుటి నుంచి రోగుల దగ్గూ ఉమ్మీ మీద పడిన ఆ ముందుభాగం తడిగుడ్డలా వెళ్ళి అగ్నేసమ్మ ముఖానికి కొట్టుకుంది. అగ్నేసమ్మ మాస్కు ముక్కు కిందికి జారింది.

జసింత చూసింది. చూడలేదని తర్వాత ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకోబోయినా, చూసింది.

అగ్నేసమ్మ మాస్కు పైకి లాక్కుంటూ, రెండో చేత్తో తలుపు వైపు చూపించింది. "పో, పో!"

జసింత పరిగెత్తింది. వేరే గ్లౌజులు, వేరే గౌను దారిలోనే తొడుక్కుంటూ వెళ్ళి ఆ మనిషిని మట్టిలోంచి లేపి కూర్చోబెట్టింది. సిలిండరు లాక్కొచ్చి మాస్కు పెట్టింది. నీలంగా ఉన్న పెదవులు మెల్లగా రంగు తిరిగాయి. ఆయన పేరు అంకమ్మరావు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు మోస్తాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని సాయంత్రం డాక్టరుగారు అన్నారు.

ఆ మాట విన్నాకే ఆమె బట్టల గదికి వెళ్ళింది. అగ్నేసమ్మ దుప్పట్లు మడతపెడుతోంది.

"ముఖం కడుక్కున్నావా?"

"కడుక్కున్నాలే. ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు."

"సరే, ఆ చివర పట్టుకో," అని దుప్పటి అంచు అందించింది అగ్నేసమ్మ. ఇద్దరూ కలిసి మడతపెట్టారు. జసింత ఇంకేమీ అనలేదు. మదర్‌కీ చెప్పలేదు.

కొన్ని రోజులు గడిచాయి. ఒక పొద్దున అగ్నేసమ్మ ఇస్త్రీ చేస్తుంటే బట్ట మాడింది. పొగ వస్తున్నా ఆమె అలాగే ఇస్త్రీపెట్టె ఆనించి నిలబడి ఉంది. వరండాలో పోతున్న నర్సు సువార్త వాసన పట్టి పరిగెత్తుకొచ్చి పెట్టె లాగేసింది. "నాకేం వాసన రాలేదే," అంది అగ్నేసమ్మ అయోమయంగా. సువార్త రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ సాయంత్రానికే అగ్నేసమ్మను వార్డులో పడుకోబెట్టారు. ఏ వార్డులోకి రానివ్వలేదో, ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద.

జసింత తన డ్యూటీ అయినా కాకపోయినా ఆమె దగ్గరికే వెళ్ళేది. అగ్నేసమ్మకి గొంతు కూడా అక్కర్లేదు, నడక వినే గుర్తుపట్టేది. "వచ్చావా," అనేది. "ఏమైనా తిన్నావా," అని అడిగేది. తనకి మిరియాల చారు తాగాలనుందని, రుచి తెలియకపోయినా వేడికైనా బాగుంటుందని అనేది. జసింత చారు పెట్టించి తెచ్చి చెంచాతో పోసేది. రెండు చెంచాలకే ఆయాసం వచ్చేది.

ఒకరోజు అగ్నేసమ్మ మాస్కు కాస్త పక్కకి జరిపి అడిగింది.

"ఆ రోజు ఆటోలో వచ్చినాయన ఎక్కడున్నాడే?"

"ఆ చివరి మంచం."

"కాస్త లేపు. చూస్తా."

జసింత వీపు కింద చెయ్యి వేసి లేపింది. వార్డు ఆ చివర అంకమ్మరావు మంచం మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. మాస్కు గడ్డం కిందికి దించుకుని, ఆకలిగా, చట్నీలో ముంచి తింటున్నాడు.

అగ్నేసమ్మ చాలాసేపు చూసింది.

"మోత మోసే మనిషికి ఇడ్లీ ఏం ఆనుతుంది. రేపట్నుంచి పొద్దున కూడా అన్నం పెట్టమని చెప్పు."

"చెప్తాను."

పడుకోబెట్టాక జసింత మంచం అంచు పట్టుకుని వంగింది. "అగ్నేసమ్మా. ఆ రోజు గౌను... నేను ఆగి ఉంటే..."

అగ్నేసమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపింది.

"గాలి చాలట్లేదే. మాట్లాడించకు."

అదే ఆఖరి మాట. అది క్షమించడమో, వద్దనడమో, నిజంగా గాలి చాలకపోవడమో జసింతకి ఎప్పటికీ తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం మఠం గుడిలో, రోజుకి మూడుసార్లు చేసే త్రికాల జపానికి గంట కొడుతుండగా అగ్నేసమ్మ పోయింది. అప్పుడు ఆమె చెయ్యి జసింత చేతిలోనే ఉంది. మధ్యలో రెండు జతల గ్లౌజులు. ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లబడిందో కూడా తెలియలేదు.

సమాధుల తోటకి నలుగురు కిట్లు తొడుక్కుని తీసుకుపోయారు. శవాన్ని చుట్టిన సంచీ విప్పకూడదన్నారు. చక్కెర జబ్బు ఉన్న మదర్ తెక్లాను దగ్గరికి రావద్దన్నారు. మదర్ ప్రహరీ బయటే నిలబడ్డారు. గోడ ఆమె భుజం దాకా ఉంది. పారలతో మట్టి వేసే చప్పుడు అయిపోయేదాకా గోడ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు.

సాయంత్రం గుడిలో కీర్తనలు చదివే వేళ. మఠంలో కీర్తనలు రెండు వరసలుగా చదువుతారు. ఈ వరస ఒక పాదం, ఆ వరస ఇంకో పాదం. ఈ వరస మదర్ తెక్లా ఎత్తుకుంటారు, ఆ వరస అగ్నేసమ్మ అందుకునేది. మదర్ మొదటి పాదం చదివి ఆగారు.

ఎవరూ అందుకోలేదు.

మదర్ పుస్తకం లోంచి తల ఎత్తలేదు. ఊరికే ఆగి ఉన్నారు. ఆ వరసలో అగ్నేసమ్మ పక్కన కూర్చునేది జసింతే. అందుకోవాల్సింది తనే. నోరు తెరిచింది. తల పుస్తకంలోకి దించుకుంది. చాలాసేపటికి వెనక ఎవరో సన్నగా అందుకున్నారు.

మర్నాడు కిట్టు తొడుక్కోబోతే జసింత చెయ్యి గౌను చేతిలోకి దూరలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. గౌను మడతపెట్టి బల్ల మీద పెట్టి మదర్ గదికి వెళ్ళింది.

మదర్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. జసింత నేల మీద మోకాళ్ళూని, ఆటో వచ్చిన రోజు జరిగిందంతా చెప్పింది. ముడి బిగుసుకోవడం, కత్తెర తెస్తాననడం, తను గుంజడం. గౌను ముఖానికి తగలడం తను చూసిందని కూడా చెప్పింది.

"నేనే మదర్. నా వల్లే."

కాదు తల్లీ అంటారని జసింత ఎదురుచూసింది. అలా అంటే నమ్మకూడదని కూడా అనుకుంది.

"కావచ్చు," అన్నారు మదర్.

జసింత తలెత్తింది.

"కాకపోనూవచ్చు. అగ్నేసు రోజంతా ఆ గదిలోనే ఉండేది. నీ ఒక్కదానివే కాదు, అందరి ముడులూ తనే విప్పింది. ఎవరి దగ్గర అంటిందో చెప్పగలిగేవాళ్ళు లేరు. నువ్వూ చెప్పలేవు."

"మరి నేనేం చెయ్యను?"

మదర్ కిటికీలోంచి వార్డు వైపు చూశారు.

"నన్ను వార్డు నుంచి తీసెయ్యండి మదర్. ఆ బట్టలు ముట్టుకోలేను. నా చేతులంటే నాకే భయంగా ఉంది. వంటింట్లో వెయ్యండి, ఎక్కడైనా వెయ్యండి."

"సరే," అన్నారు మదర్. "బట్టల గది ఖాళీగా ఉంది."

జసింత బట్టల గదిలో కూర్చుంది. దుప్పట్లు ఉతికించింది, ఆరేయించింది, మడతలు పెట్టింది. దుప్పటికి రెండు చివరలుంటాయి. ఒక్కతే మడతపెట్టడం కష్టం. ఒక చివర గడ్డం కింద నొక్కిపట్టుకుని మడతపెట్టడం నేర్చుకుంది.

అంకమ్మరావుకి నయమైంది. ఇంటికి వెళ్ళేరోజు భార్య తిరపతమ్మ ఉతికిన చొక్కా తెచ్చింది. ఆయన నిలబడి బొత్తాలు పెట్టుకుంటూ "చిన్న సిస్టర్‌ని చూసి పోతా" అన్నాడు. సువార్త వచ్చి జసింతను పిలిచింది. జసింత గది తలుపు గడియ పెట్టేసింది.

తలుపవతల అడుగుల చప్పుడు వచ్చి ఆగింది.

"అమ్మా, నేను," అన్నాడు అంకమ్మరావు. జబ్బు వదిలినా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఆ రోజు మట్టిలో పడినోణ్ణి. అందరూ దూరం జరిగిపోతుంటే నువ్వొక్కదానివే ఉరికొచ్చావంట. మా ఇంటిది చెప్పింది. నాకేం గుర్తులేదు గానీ... ఇద్దరు ఆడపిల్లలమ్మా నాకు."

జసింత మడతపెట్టిన దుప్పటి గుండెలకి అదుముకుని గోడకి ఆనుకుంది. ఊపిరి చప్పుడు కూడా బయటికి రాకుండా నోరు మూసుకుంది.

"పోనీలే, పనిలో ఉందేమో," అంది తిరపతమ్మ.

కాసేపటికి అడుగులు దూరమయ్యాయి. జసింత గడియ తీసి చూస్తే వరండా చివర మదర్ తెక్లా నిలబడి ఉన్నారు. వాళ్ళిద్దరూ గేటు దాటి పోవడం చూస్తున్నారు. ఆయన అడుగడుక్కీ ఆగుతున్నాడు, ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

జబ్బు తగ్గలేదు. నర్సులిద్దరికి జ్వరాలొచ్చి ఇళ్ళల్లో పడుకున్నారు. మిగిలినవాళ్ళు డ్యూటీ మీద డ్యూటీ చేస్తున్నారు. ఒక పొద్దున సువార్త ఆదరాబాదరాగా బట్టల గదికి వచ్చింది.

"సిస్టర్, మదర్‌గారు లోపలికి వెళ్ళారు."

"ఏ లోపలికి?"

"వార్డులోకి. కిట్టేసుకుని. డాక్టరుగారు వద్దంటే 'మరి మనిషేరి' అన్నారు."

మదర్ తెక్లా లోపలికి వెళ్ళింది ఎవరికో పాఠం చెప్పడానికి కాదు. నిజంగానే మనిషి లేక.

జసింత దుప్పట్లు వదిలేసి పరిగెత్తింది. విప్పే గది బయటి తలుపు దగ్గరికి వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి. అగ్నేసమ్మ పోయాక ఆ గదిలో అడుగుపెట్టలేదు. తలుపు అద్దంలోంచి చూసింది. అవతలి తలుపు అద్దంలోంచి వార్డు మసగ్గా కనిపించింది. పొట్టిగా, కాస్త వంగి, మంచం నుంచి మంచానికి మెల్లగా కదులుతున్న తెల్లటి ఆకారం. ఒక మంచం దగ్గర ఆగి కడ్డీ పట్టుకుని ఊపిరి తీసుకుంది. మళ్ళీ కదిలింది.

జసింత అలాగే నిలబడిపోయింది. ఎండ వరండాలోంచి జరిగిపోయింది.

చివరికి వార్డు తలుపు తెరుచుకుంది. మదర్ విప్పే గదిలోకి వచ్చారు. కళ్ళద్దాల లోపల ఆవిరి కమ్మింది. గౌను ముందుభాగం మీద ఎవరో వాంతి చేసుకున్న మరక. కాళ్ళు తడబడుతున్నాయి. గోడ పట్టుకోబోయి, చేతికున్నదేమిటో గుర్తొచ్చి, పట్టుకోకుండా ఆగారు.

సాయానికి వచ్చిన సువార్త మాస్కు, గ్లౌజులు సర్దుకుని ముందుకి కదిలింది. మదర్ తల అడ్డంగా ఊపారు. అద్దం అవతల నిలబడ్డ జసింత వైపు చూశారు. తర్వాత ఆమెకి వీపు చూపించి నిలబడ్డారు.

సువార్త ఒక క్షణం ఇద్దరినీ చూసింది. కొత్త మాస్కు, కళ్ళద్దాలు, గ్లౌజులు, గౌను తీసుకొచ్చి తలుపు సందులోంచి జసింతకి అందించి పక్కకి తప్పుకుంది.

జసింత అవన్నీ ఎలా తొడుక్కుందో తనకే తెలియదు. లోపలికి వచ్చి మదర్ వెనక నిలబడింది. మెడ దగ్గర ఒక ముడి, నడుం దగ్గర ఒక ముడి. చెమటకి తడిసి, గింజలా బిగుసుకుపోయి ఉన్నాయి.

"నా వల్ల కాదు మదర్. చేతులు వణుకుతున్నాయి."

"వణకనీ," అన్నారు మదర్. ఆయాసంలో మాట విడివిడిగా వచ్చింది. "నెమ్మదిగా విప్పు."

"మీకు చక్కెర జబ్బు. నా చేతుల మీదుగా మీకేమన్నా..."

మదర్ వెనక్కి తిరగలేదు. చేతులు రెండూ ఒంటికి దూరంగా పెట్టుకుని, ఎప్పటిదాకా అయినా నిలబడే మనిషిలా నిలబడ్డారు. ముసలి వీపు గౌను కింద లేస్తూ పడుతూ ఉంది.

జసింత కత్తెర తీసుకుంది. మెడ దగ్గరి తాడు కింద వేలు పెట్టి, చర్మానికి దూరంగా ఎత్తిపట్టి కోసింది. నడుం దగ్గరిది కోసింది. "పై గ్లౌజులు," అంది. మదర్ తీశారు. "చేతులు." మదర్ కడుక్కున్నారు. "ఇప్పుడు గౌను."

లోపల నుంచి ఎవరో పిలిచారు. మగ గొంతు. "సిస్టర్... అమ్మా సిస్టర్..."

జసింత వేళ్ళు బిగుసుకున్నాయి. సువార్త అప్పటికే వార్డులోకి వెళ్ళి, ఆ చివర డాక్టరుగారితో ఉంది. ఇటువైపు ఇంకెవరూ లేరు. మదర్ కూడా ఆ పిలుపు విన్నారు. తల కాస్త అటు తిరిగింది. మళ్ళీ ముందుకి తిరిగింది. ఆమె కదల్లేదు.

"సిస్టర్..."

జసింత గౌను భుజాల దగ్గర లోపలివైపు పట్టుకుంది. ముందుభాగం దేనికీ తగలకుండా మెల్లగా దించింది. చుట్టింది. దూరంగా పట్టుకుని డబ్బాలో వేసి మూత వేసింది. చేతులు కడుక్కుంది. కళ్ళద్దాలు వెనక తాడు పట్టుకుని తీసింది. మళ్ళీ కడుక్కుంది. టోపీ. మళ్ళీ కడుక్కుంది. లోపల పిలుపు ఆగి, మళ్ళీ మొదలైంది. ఆ ప్రతి పిలుపూ ఆమె ఒంట్లో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. కన్నీళ్ళు మాస్కులోకి కారి ఉప్పగా పెదవులకి తగిలాయి. తుడుచుకోలేదు. చేతులు ముఖానికి తగలకూడదు.

ఆఖరికి మదర్ లోపలి గ్లౌజులు తీసి చేతులు కడుక్కుని, బయటి తలుపు దాటి, మాస్కు తీసి, వరండాలో ఉన్న కుర్చీలో కూలబడ్డారు. మాస్కు అంచులు ఆమె బుగ్గల మీద ఎర్రగా చాళ్ళు వేశాయి. కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంటున్నారు. జసింతకి ఆమె ఇంత ముసలిదని అప్పుడే మొదటిసారి తెలిసినట్టయింది.

"మదర్," అంది జసింత గుమ్మంలో నిలబడి. "ఇది నన్ను వదిలిపోదా?"

మదర్ కళ్ళు తెరిచారు. ఆ కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. అగ్నేసమ్మ పోయాక మదర్ ఏడవడం ఎవరూ చూడలేదు.

"పోదు," అన్నారు. "చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళు. పిలుస్తున్నారు."

జసింత గ్లౌజులు తీసి డబ్బాలో వేసి కొళాయి తిప్పింది. సబ్బు రాసుకుంది. అరచేతులు, చేతుల వెనక, వేళ్ళ సందులు, గోళ్ళ కింద. లోపల నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది.

"వస్తున్నా," అంది జసింత.

బొటనవేళ్ళు కూడా కడుక్కుంది.